ఎడమ మర

మొన్న ఆదివారం పొద్దున్న మా డాబా మీద నీళ్ల ట్యాంకు వాల్వు బిగుసుకుపోయింది. మావారు పెద్ద పానా పట్టుకుని దానితో కుస్తీ పడుతున్నారు. ముఖం ఎర్రబడింది, బనియను తడిసిపోయింది, వాల్వు మాత్రం ససేమిరా అంది. ఆయన్ని పక్కకు జరగమని, ఎప్పటి నుంచో అటక మీద దాచుకున్న సీసాలోంచి నాలుగు చుక్కలు కిరసనాయిలు గుడ్డ మీద ఒంపి, ఆ గుడ్డని వాల్వు మెడకి చుట్టాను. కిరసనాయిలు వాసన ఇప్పుడు ఇళ్లల్లో ఎక్కడుంది? అది ముక్కుకి తగలగానే నాకు తెలియకుండానే చిన్న సుత్తి అందుకుని, వాల్వు చుట్టూ మెల్లగా తడుతూ, "రండి. రండి. మొహమాటపడకండి" అన్నాను. మావారు వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశారు. "ఎవరూ రాలేదే" అన్నారు. నేను పిలిచింది వాల్వునని తెలిశాక ఆయన నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. పెళ్లయి ఇన్నేళ్లయినా భార్య గురించి మొగుడికి తెలియని సంగతి ఒకటైనా మిగిలి ఉండటం మంచిదే.

ఆ పిలుపు నాది కాదు, సత్యవతి గారిది. నేను బతుకులో ఎవరినుంచైనా ఏదైనా నేర్చుకున్నానంటే ఆవిడ నుంచే నేర్చుకున్నాను. అదీ ఒక పాత కారు కింద పడుకుని నేర్చుకున్నాను.

తొంభైల చివర్లో నాకు కడియం దగ్గర ఒక ఊళ్లో హైస్కూల్లో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. మాది తణుకు. అప్పటిదాకా గోదావరి దాటి ఒంటరిగా ఉన్నదాన్ని కాదు. స్కూలు గుమస్తా ఒక అడ్రసు చెప్పి, కాలవ గట్టు మీద ముందుగది అద్దెకిస్తారు, ఆ ఇంటావిడ మన స్కూల్లోనే సైన్సు టీచరు, వెళ్లి అడగండి అన్నాడు. ట్రంకుపెట్టె మోసుకుంటూ వెళ్లాను. గట్టుకి రెండు వైపులా నర్సరీలు. నల్ల సంచుల్లో గులాబీ మొక్కలు, క్రోటన్లు బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఇల్లు తీసే ఉంది గానీ లోపల ఎవరూ లేరు. పక్కన రేకుల షెడ్డులోంచి ఆడగొంతు వినబడింది. "రండి, రండి" అంది.

వెళ్లాను. షెడ్డులో తెల్ల అంబాసిడర్ ఒకటి జాకీ మీద ఉంది. మనిషి కనబడలేదు. "అలా కాదు, కొంచెం ఇటు తిరగండి" అంది గొంతు. తిరిగాను. "ఇంకొంచెం. అదీ. మొహమాటం దేనికి, మీవాళ్లంతా వచ్చేశారుగా" అంది. నాతో ఎవరొచ్చారా అని వెనక్కి చూశాను. ఎవరూ లేరు. నాకు కొంచెం భయం వేసింది. అంతలో ఆ గొంతు నిట్టూర్చి, "ఇంత బతిమాలినా రారన్నమాట. సరే, మీ ఇష్టం. ఇవాళ్టికి వద్దు, రేపు చూద్దాం" అంది. గది ఇవ్వనంటున్నారని అర్థమై నాకు ఉక్రోషం వచ్చింది. "మనిషిని చూడకుండానే కాదంటారేంటండీ" అన్నాను గట్టిగా. కారు కింద ఠంగుమని తల తగిలిన చప్పుడైంది.

బయటికి వచ్చినావిడకి నలభై దాటి ఉంటాయి. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, పైన మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని, కళ్లజోడు జారిపోకుండా వెనక దారం కట్టుకుని ఉంది. బుగ్గ మీద గ్రీజు. నన్నూ, ట్రంకుపెట్టెనూ చూసి, సంగతి అర్థమై, నేల మీద కూర్చుండిపోయి నవ్వడం మొదలెట్టింది. "మిమ్మల్ని కాదమ్మా, నట్టుని" అంది. నవ్వు ఆగాక మళ్లీ, "మీరైతే పిలవగానే వచ్చారు. గది మీదే" అంది.

ఆ రోజు నుంచి ఆవిడ దగ్గర మూడేళ్ల పైన ఉన్నాను. నెల తిరక్కుండానే నాకు "నువ్వు" దక్కింది. నట్లకీ బోల్టులకీ మాత్రం చివరిదాకా "మీరు" తప్పలేదు. ఎందుకండీ ఇదంతా అని ఒకసారి అడిగాను. ఆవిడ నాన్నగారు గోదావరి మీద లాంచీలకి ఇంజన్ డ్రైవరట. ఏటి మధ్యలో ఇంజన్ ఆగిపోతే ఆయన ఎప్పుడూ తిట్టేవారు కాదట. "ఏంటండీ, ఏమైంది" అని అడిగి, కండువాతో చేతులు తుడుచుకుని, అప్పుడు పని మొదలెట్టేవారట. "చిన్నప్పుడు నేనూ నవ్వేదాన్ని లలితా. తర్వాత తెలిసింది. 'రావే' అన్నామనుకో, సుత్తి గట్టిగా పడుద్ది. 'రండి' అంటే ఆ చెయ్యి ఎత్తినా అంత గట్టిగా పడదు. తుప్పుకి కావాల్సింది చిన్న దెబ్బలే. పెద్ద దెబ్బ కొడితే విరిగిపోద్ది" అంది. మా జిల్లాల్లో అండీ గారూ అనని నోరుండదు గానీ, ఆ మర్యాదని పనిముట్టుగా వాడుకున్న మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను.

ఇంతకీ ఆ కారు సంగతి. అది ఆవిడ భర్త ప్రసాదరావు గారిది. పెళ్లయిన కొత్తలో సరదాపడి పాతది కొనుక్కున్నారు. తర్వాత మస్కట్లో పని దొరికి వెళ్లిపోయారు. ఆయన కిందటిసారి వచ్చి వెళ్లాక ఒక తుఫానుకి కాలవ పొంగి షెడ్డులో చాలా రోజులు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీసినా కారు కదలలేదు. ఇంజన్ని రాజమండ్రి మెకానిక్కు బాగుచేసి వెళ్లాడు గానీ, స్టీరింగు తిప్పితే చక్రాలు తిరగలేదు. అడుగున ఉన్న కీళ్లన్నీ తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మొత్తం కోసి పారేసి కొత్తవి వెయ్యాలి అన్నాడు. కొయ్యనక్కర్లేదు, నేనే విప్పుతాను అంది ఈవిడ.

నేను చేరిన కొన్నాళ్లకి ఎస్టీడీ బూతు నుంచి నడిచొస్తూ ఆవిడ ఒక్కసారిగా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ప్రసాదరావు గారు మస్కట్ వదిలేసి వచ్చేస్తున్నారట. ఈసారి వస్తే ఇంక వెళ్లరట. "ఇన్నేళ్లూ ఆయన్ని స్టేషన్లో దింపడానికి వెళ్లాను, తీసుకురావడానికి వెళ్లాను. ఎప్పుడూ ఎవరో ఒకరి బండిలో వెనక సీట్లో కూర్చుని వెళ్లాను. పక్కన ఎవరో ఒకరుంటారు. ఒక్క మాట ఆడటానికి ఉండదు. ఈసారి నేనే బండి నడుపుకుంటూ వెళ్లి తీసుకొస్తాను" అంది. వేసవి సెలవుల్లో రాజమండ్రి వెళ్లి ఆవిడ డ్రైవింగు నేర్చుకుందని, లైసెన్సు కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆయనకి తెలియదు. తుఫానులో పాడైన కారుని అమ్మేసి ఉంటారని ఆయన అనుకుంటున్నారు. ఈవిడ కాదనలేదు.

అడ్డల్లా బావగారే. ప్రసాదరావు గారి అన్నగారు వెంకట్రావు గారు పక్క ఊళ్లో వ్యవసాయం చేసేవారు. తెల్ల పంచె, గుబురు మీసం, కాలవ అవతలి వాళ్లకి కూడా వినబడే గొంతు. వారానికోసారి స్కూటరు మీద అరటిగెల వేసుకుని వచ్చి మరదలి యోగక్షేమాలు కనుక్కుని వెళ్లేవారు. చెడ్డమనిషి కాదు, అదే చిక్కు. చెడ్డవాళ్లకి ఎదురు చెప్పొచ్చు. తమ్ముడు వస్తున్నాడని తెలియగానే వచ్చి షెడ్డు ముందు నిలబడి, "ఇది వాడి కంటబడితే ప్రాణం ఉసూరుమంటుందమ్మా. వాడొచ్చేలోపు తీయించేద్దాం. పాత ఇనప కొట్టాయనకి మాట ఇచ్చేశాను. ఇంకా రెండు వారాలుంది. వాడొచ్చే ముందురోజు, సోమవారం లారీ వస్తాది. మంగళవారం స్టేషనుకి ట్యాక్సీ నేను మాట్లాడతాను" అన్నారు.

సత్యవతి గారు కొంగు భుజం చుట్టూ కప్పుకుని, తల వంచుకుని, "ఆదివారం సాయంత్రానికి ఇది గేటు దాటి బయటికొస్తే ఉంచుకోవచ్చాండి బావగారూ" అంది. ఆయన మీసం దువ్వుకుని ఆలోచించి, "వస్తే ఉంచుకో. నేనేమన్నా శత్రువునా? రాకపోతే మాత్రం లారీ ఆగదు. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే" అన్నారు. ఆయన వెళ్లాక నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం కొంగు తీసి దోపుకుని, పాత చొక్కా తొడుక్కుని, "పదండి, మొదలెడదాం" అంది కారుతో.

ఆ రెండు వారాలూ బడి నుంచి రాగానే షెడ్డులోనే మా కాపురం. కిరసనాయిల్లో కాస్త ఇంజన్ ఆయిలు కలిపి, గుడ్డ పీలికలు తడిపి ప్రతి కీలుకీ చుట్టేవాళ్లం. కట్లు కట్టిన రోగిలా ఉండేది కారు అడుగంతా. మర్నాడు కట్లు విప్పి, ఆవిడ ఒక పక్క, నేను ఒక పక్క సుత్తులతో తట్టేవాళ్లం. టుక్, టుక్, టుక్. ఆవిడ దెబ్బలు దేవుడి గదిలో గంట కొట్టినట్టుంటే, నావి కొబ్బరికాయ పగలగొట్టినట్టు ఉండేవి. నాకు ముక్కు మీద కోపం. ఒక నట్టు ఎంతకీ కదలకపోతే పానా మీద బరువంతా వేసి ఎడమకి గుంజాను. పానా జారి మోచేయి గీరుకుపోయింది. ఆవిడ పసుపు తెచ్చి అద్ది, పానాని మళ్లీ నా చేతికే ఇచ్చి, "ఇప్పుడు కుడికి తిప్పు" అంది.

"కుడికి తిప్పితే బిగుసుకుంటుంది కదండీ."

"బిగించమనే అంటున్నాను. కొంచెమే. వాళ్లు ఎటు ఉండాలనుకుంటున్నారో ముందు అటే ఒక్క వెంట్రుకవాసి పోనీ. అప్పుడు తుప్పు చిట్లుతాది. తర్వాత నువ్వు పిలిచినట్టు వస్తారు."

బిగించాను. కిర్రుమంది. తర్వాత ఎడమకి తిప్పితే, అంతసేపు నన్ను ఏడిపించిన నట్టు వేలితో తిప్పినట్టు ఊడి వచ్చింది. నాకు పట్టలేనంత సంతోషం కలిగి ఆ నట్టుని కొంగున కట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి, అక్కడ చూపించడానికి ఎవరూ లేరని గుర్తొచ్చి మళ్లీ వెనక్కి వచ్చాను.

ఈ బిగించడమన్నది ఆవిడకి కారుతోనే ఆగేది కాదు. నా తొమ్మిదో తరగతిలో మంగతాయారు అనే పిల్ల ఉండేది. నోరు మెదిపేది కాదు. పేరు పిలిస్తే లేచి నిలబడి బల్ల వైపు చూసేది. నేను బుజ్జగించాను, కసిరాను, చాక్లెట్ ఇచ్చాను. లాభం లేకపోయింది. ఆవిడతో చెప్పుకుంటే, "రేపట్నుంచి ఆ పిల్లని మాట్లాడొద్దను. క్లాసులో ఎవరూ అల్లరి చెయ్యకుండా చూడటం నీ పని, నువ్వు మాత్రం నోరు తెరవకూడదు అని చెప్పు" అంది. నాకు నమ్మకం కుదరలేదు గానీ అలాగే చెప్పాను. ఆ పిల్ల ముఖంలో మొదటిసారి హాయి కనిపించింది. తర్వాతి వారం నేను బోర్డు మీద లెక్క చేస్తుండగా వెనక బెంచీ మగపిల్లలు శ్రుతి మించారు. "ఒరేయ్, మేడమ్ చెప్తుంటే వినబడట్లేదేంట్రా మీకు" అని క్లాసు అదిరిపోయేట్టు ఒక అరుపు. సుద్దముక్క నా చేతిలోంచి జారిపోయింది. అక్కడి నుంచి మంగతాయారు నోరు మూయించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆదివారం వచ్చేసరికి అన్ని కీళ్లూ వదిలాయి, ఒక్క కడ్డీ తప్ప. స్టీరింగు తిప్పినప్పుడు చక్రాన్ని ఇటూ అటూ లాగేది ఆ కడ్డీయే. దాని రెండు చివర్లా స్క్రూకి ఉన్నట్టు మరలుంటాయి. ఆ మరలకి ఎక్కించిన గుండ్రటి కీళ్లు తుప్పుతో బిగదీసుకుపోయాయి. వాటిని విప్పి, రాజమండ్రి నుంచి తెచ్చిన కొత్తవి ఎక్కించాలి. కడ్డీని కిందికి దింపి షెడ్డులో బల్లకి ఉన్న ఇనప దవడల్లాంటి వైసులో బిగించాం. మొదటి చివర పొద్దున్నే వదిలింది. రెండో చివర వదల్లేదు. అక్కడొక విశేషం ఉంది, ముందే చెప్తే గానీ జరిగింది అర్థం కాదు. ఆ రెండో చివర ఉన్నది ఎడమ మర. అంటే లోకంలో నట్లన్నీ ఎడమకి తిప్పితే వదులైతే, అది కుడికి తిప్పితే వదులవుతుంది. ఎడమకి తిప్పితే బిగుస్తుంది. కడ్డీని ఇటు తిప్పితే రెండు చివర్లూ కలిసి పొడవవ్వాలనీ, అటు తిప్పితే కలిసి పొట్టివవ్వాలనీ అలా పెడతారు. అది సత్యవతి గారికి తెలుసు, ఆవిడ చెప్పగా నాకూ తెలుసు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ మొదలెట్టాం. ఆవిడ ముందు బిగించడానికి ప్రయత్నించింది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నేనూ పట్టాను. ఇద్దరం కలిసి పట్టాం. మా ఇద్దరి బలం చాలలేదు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మర్నాడు లారీ వచ్చేస్తుందని నాకు ఏడుపొచ్చింది. అప్పుడే గేటు దగ్గర స్కూటరు ఆగింది.

బావగారు గెల దింపి, షెడ్డులోకి తొంగి చూసి, సంగతి కనుక్కున్నారు. కనుక్కుని ఊరుకుంటే బాగుండేది. చొక్కా విప్పి మేకుకి తగిలించి, పంచె ఎగ్గట్టి, "తప్పుకోండెహె. మీ చేతులకి అవుద్దా ఇది" అని పానా అందుకున్నారు. అందుకుని, లోకంలో అందరూ తిప్పినట్టే, ఎడమకి తిప్పడం మొదలెట్టారు.

నేను నోరు తెరిచాను. సత్యవతి గారి కాలు నా కాలి మీద పడింది. తలెత్తి చూశాను. ఆవిడ కొంగు కప్పుకుని, ముఖంలో ఏ భావమూ లేకుండా నిలబడి ఉంది. మరదలు బావగారిని పట్టుకుని మీరు తిప్పుతున్నది తప్పు అనడమన్నది ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు, ఆ రోజూ జరిగేట్టు లేదు. అంతలో పక్క నర్సరీకి మొక్కల లోడు కోసం వచ్చిన లారీ డ్రైవరు సూరిబాబు చప్పుడు విని లోపలికి వచ్చాడు. అతనికి ఒక్క చూపులో అర్థమైంది, ఆ సంగతి అతని కనుబొమలే చెప్పాయి. "ఏరా సూరిబాబూ, కదులుతుందంటావా" అన్నారు బావగారు. "ఆయ్" అన్నాడు సూరిబాబు. మా వైపు ఆయ్ అంటే అవునని అర్థం కాదు. మీరు పెద్దవారు, మీరన్నది విన్నాను, అంతే. "ఇంకొంచెం బలం పడాలా?" "ఆయ్." "గొట్టం తగిలిస్తే?" "ఆయ్, తగిలించండి."

పానా తోకకి పొడుగాటి ఇనపగొట్టం తొడిగారు. బావగారు గొట్టం చివర పట్టుకుని వేలాడినంత పనిచేశారు. సత్యవతి గారు సన్నగా, "కానివ్వండి బావగారూ" అంది. సూరిబాబు కూడా ఓ చెయ్యి వేశాడు. నేను నవ్వు ఆపుకోలేక పమిట నోట్లో కుక్కుకున్నాను. ముగ్గురు తెలిసినవాళ్లం, ఒక్క తెలియని మనిషిని, తప్పు వైపుకి, ఇంత మర్యాదగా ప్రోత్సహించడం భూమ్మీద ఇంకెక్కడైనా జరుగుతుందంటే నేను నమ్మను. ఇంతలో కడ్డీలోంచి చెవులు గింగురుమనేట్టు కిర్రుమంది. గొట్టం ఇంత మేర కిందికి దిగింది.

"వదిలింది" అన్నారు బావగారు, చెమట తుడుచుకుంటూ.

వదల్లేదు, బిగిసింది. కానీ కదిలింది. మా ఇద్దరి బలానికి అందని ఆ వెంట్రుకవాసి, బావగారి బలానికి అందింది. సత్యవతి గారి ముఖం ఒక్కసారిగా వెలిగిపోవడం నేను చూశాను. "అమ్మయ్య. మీరు వచ్చారు గనక కదిలింది బావగారూ. మా వల్ల అయ్యేది కాదు" అంది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. "లలితా, బావగారికి అరుగు మీద కుర్చీ వేసి కాఫీ ఇవ్వమ్మా. మిగతాది నేను విప్పుకుంటాను."

ఆయన కాలవ వైపు తిరిగి కూర్చుని కాఫీ తాగుతూ తాను కుర్రతనంలో ఎత్తిన ధాన్యం బస్తాల గురించి చెబుతుంటే, నేను వింటూ షెడ్డు వైపే చూస్తున్నాను. ఆవిడ పానాని కుడి వైపుకి తగిలించి, "ఇంక రండి" అంది. వచ్చింది. మెత్తగా, చుట్టూ చుట్టూ తిరుగుతూ వచ్చింది. ఆవిడ ఆ తుప్పు ముక్కని అరచేతిలో పట్టుకుని నాకు చూపించింది, ఆ దూరం నుంచి ఆవిడ పళ్లు మాత్రమే కనిపించాయి నాకు.

కొత్త కీళ్లు ఎక్కించి, చక్రాలు వంకరపోకుండా నూలుదారం లాగి సరిచూసి, జాకీ దించేసరికి ఎండ చల్లబడింది. ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. తిప్పింది. చక్రాలు తిరిగాయి. కారు షెడ్డులోంచి వచ్చి, గేటు దాటి, కాలవ గట్టు మీద నిలబడింది. సూరిబాబు ఈల వేశాడు. బావగారు కారు చుట్టూ తిరిగి వచ్చి, "ఇనప కొట్టాయనకి నేను చెప్పుకుంటాలే. ఇందులో నా కష్టం కూడా ఉంది కదా" అన్నారు. ట్యాక్సీ ఊసు ఎత్తలేదు.

మంగళవారం ముగ్గురం బయలుదేరాం. ముందు ఆవిడ ఒక్కతే, పక్క సీటు ఖాళీ. వెనక బావగారు, నేను. బండి కొంచెం ఎడమకి లాగుతోంది గానీ ఆవిడ పట్టు తప్పలేదు. రాజమండ్రి పొలిమేరల్లో ఆటోల మధ్య ఆవిడ పెదాలు కదులుతుంటే చెవి ఒగ్గి విన్నాను. "జరగండి. కొంచెం జరగండి. మీరు కూడా" అంటోంది, ఎవరికీ వినబడకుండా. అప్పుడు బావగారు నా వైపు వంగి, ఆయన గొంతుకి సాధ్యమైనంత మెల్లగా, "అమ్మాయ్, ఆ చివర ఎడమ మరని నాకు తెలీదనుకున్నారా మీరంతా? ఇన్నేళ్లుగా ట్రాక్టరు వాడుతున్నాను" అన్నారు. నేను తెల్లబోయాను. "మరి ఎడమకే ఎందుకు తిప్పారండీ" అన్నాను. ఆయన మీసం దువ్వుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ, "ముందు బిగించాలని నాకూ తెలుసు" అన్నారు.

నిజంగా తెలిసే చేశారో, తర్వాత ఎవరైనా చెబితే తెలుసుకుని పరువు దక్కించుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. సత్యవతి గారిని అడిగితే ఆవిడ, "ఆయ్" అని ఊరుకుంది.

రైలు వచ్చింది. బావగారు ప్లాట్‌ఫారం మీదికి వెళ్లారు. ఆవిడ స్టీరింగు వదలనంది. స్టేషను బయట జనంలోంచి ప్రసాదరావు గారు వచ్చారు. సన్నగా, కాస్త నెరిసిన జుట్టుతో, రెండు చేతుల్లో పెట్టెలతో ఉన్నారు. కారుని చూశారు. పెట్టెలు కింద పెట్టారు. అలవాటు ప్రకారం కాబోలు, నేరుగా డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి, లోపల కూర్చుని ఉన్న భార్యని చూశారు. అంతే, అలాగే నిలబడిపోయారు. కదలిక లేదు. కళ్లల్లో నీళ్లు నిలిచాయి, అవీ కదల్లేదు. ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నారు. బావగారు పెట్టెలు తీసి డిక్కీలో పెట్టారు.

సత్యవతి గారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, కారు తలుపు మీద వేలితో టుక్, టుక్ అని తట్టింది. "అటు రండి" అంది. "రండి. మొహమాటపడకండి."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కారు చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. ఆ నవ్వూ, కన్నీళ్లూ కలిసిన ముఖం చూసి వెనక సీట్లో నేనూ, బావగారూ చెరో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాం. దారి పొడుగునా వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు.

తర్వాత నాకు బదిలీ అయింది, పెళ్లయింది. ఆ మధ్య ఒక వర్షాకాలంలో సత్యవతి గారు పోయారు. కబురు తెలిసి వెళ్లేసరికి ప్రసాదరావు గారు అరుగు మీద కుర్చీలో ఉన్నారు. ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదని, ఏడవడం లేదని ఇంట్లోవాళ్లు కంగారు పడుతున్నారు. వచ్చినవాళ్లంతా మాట్లాడండి, ఏడవండి, బరువు దించుకోండి అని ఆయన్ని గుంజుతున్నారు. నేను పక్కన కూర్చుని, "మీరేం మాట్లాడక్కర్లేదండి. ఇలాగే ఉండండి. నేనూ మాట్లాడను" అన్నాను. ఇద్దరం కాలవ వైపు చూస్తూ కూర్చున్నాం. షెడ్డులో కారు శుభ్రంగా తుడిచి ఉంది. చాలాసేపటికి ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆ రోజు స్టేషను దగ్గర నన్నేమందో గుర్తుందా అమ్మా" అన్నారు. గుర్తుందన్నాను. "అది నట్లని పిలిచే పిలుపని నాకు చాన్నాళ్లకి గానీ తెలీలేదు" అని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చారు. నాకూ కావాల్సింది అదే, ఇద్దరం కలిసి ఏడ్చాం, మళ్లీ నవ్వాం.

ఇదంతా తలుచుకుంటూ మొన్న డాబా మీద వాల్వు ముందు కూర్చున్నాను. మావారు ఇంకా అనుమానంగానే చూస్తున్నారు. పానా ఆయన చేతికిచ్చి, "ముందు కొంచెం బిగించండి" అన్నాను. విప్పమంటే బిగించమంటావేంటి అన్నారు. చెప్పినట్టు చెయ్యండి అన్నాను. బిగించారు. కిర్రుమంది. ఆయన నా వైపు చూశారు, వాల్వు వైపు చూశారు, ఎవరైనా వింటున్నారేమో అని మెట్ల వైపు కూడా చూసుకుని, గొంతు తగ్గించి, "రండి" అన్నారు.

వచ్చింది.